డీవీసీ వేయాలంటే: ఇల్లు, ఖర్చులు, పిల్లలు, రక్షణ కోర్టు నుంచి ఎలా తెచ్చుకోవాలి

ఇంట్లో దెబ్బలు తిన్న మనిషి సాధారణంగా మొదట పోలీస్ స్టేషన్‌కే వెళుతుంది. అక్కడ కౌన్సెలింగ్ పేరుతో నాలుగు సార్లు పిలుస్తారు, పెద్దమనుషులు కూర్చుంటారు, రోజులు గడిచిపోతాయి. ఆమెకు అప్పటికప్పుడు కావలసినవి వేరు: తల దాచుకునే చోటు, చేతిలో డబ్బు, పిల్లలు దగ్గరుండటం, అతను మళ్లీ మీదికి రాకపోవడం. ఈ నాలుగూ ఇప్పించేది 2005 నాటి గృహహింస చట్టం. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దీని కింద వేసే కేసునే కోర్టుల్లో డీవీసీ (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) అంటారు.

పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 498ఎ దారి వేరు. 2024 జూలై 1 తర్వాత జరిగిన వాటికి అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో 85, 86 సెక్షన్లయింది. అది క్రూరత్వానికి శిక్ష వేసే కేసు. మూడేళ్ల వరకు జైలు. అంత శిక్ష ఉన్నా ఫిర్యాదు ఇవ్వగానే అరెస్టు చేస్తారనుకోవద్దు. ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో పోలీసులు మామూలుగా నోటీసిచ్చి పిలిపిస్తారు. అరెస్టైనా దానివల్ల పిల్లల ఫీజు కట్టడం జరగదు. రెండు కేసులూ వేసుకోవచ్చు, అడ్డేమీ లేదు. మా సలహా అడిగితే మాత్రం డీవీసీని వెనక్కి నెట్టొద్దు.

భార్యే వేయాలని లేదు. తల్లి, అక్కచెల్లెళ్లు, భర్త పోయిన కోడలు, పెళ్లి లాంటి సహజీవనంలో ఉన్న స్త్రీ కూడా వేయొచ్చు. కొట్టడమొక్కటే హింస కాదు. బూతులు, పిల్లలు పుట్టలేదని ఎత్తిపొడుపులు, బలవంతపు సంసారం, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చులకు ఇవ్వకపోవడం, నగలు తాకట్టు పెట్టేయడం, అన్నీ చట్టం లెక్కలోకి వస్తాయి. 2016లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అత్త మీద, ఆడపడుచు మీద కూడా వేయవచ్చు. అలాగని దుబాయ్‌లో ఉన్న మరిదినీ, పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచునీ వరసగా చేర్చేస్తే కేసు బలహీనపడుతుంది. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక 498ఎ కేసులో, ఎవరేం చేశారో చెప్పకుండా భర్త బంధువులందర్నీ కలిపేశారని సుప్రీంకోర్టు కేసే కొట్టేసింది. ఎవరి పేరు రాస్తే వాళ్లు ఏ రోజున ఏం చేశారో రాయగలగాలి.

గడప దాటే ముందు

ప్రాణం మీదికి వస్తే కాగితాల సంగతి చూడొద్దు. 112కి గానీ, 181 మహిళా హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ చేసి బయటపడండి. జిల్లాలోని సఖి వన్ స్టాప్ సెంటర్‌లో తాత్కాలిక వసతి, వైద్యం, పోలీసు, న్యాయ సహాయం ఒకే చోట దొరుకుతాయి.

కాస్త వ్యవధి ఉంటే ఆధార్, పెళ్లి పత్రిక లేదా మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్లి ఫొటోలు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుపుస్తకం, నగల రసీదులు నమ్మకమైన వాళ్లింటికి చేర్చండి. భర్త పే స్లిప్, భూమి పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు కంటపడితే ఫొటో తీసిపెట్టుకోండి. భరణం ఎంతో తేల్చేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది. దెబ్బల ఫొటోలు వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. అసలు ఫైలు తీసిన ఫోన్‌లోనే ఉంచి, కాపీ మరోచోట దాచండి. ఆ ఫోన్ మార్చొద్దు, పారేయొద్దు. మెసేజీలు, రికార్డింగులు కోర్టులో దాఖలు చేసేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి.

ఆసుపత్రిలో "మెట్ల మీంచి పడ్డాను" అని చెప్పడం చాలామంది చేసే పని. ఆ మాట ఓపీ చీటీ మీద అలాగే ఎక్కుతుంది, రెండేళ్ల తర్వాత అవతలి లాయరు దాన్నే చూపిస్తాడు. ఎవరు కొట్టారో చెప్పి, ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) రాయమని అడగండి.

పిటిషన్ ఎక్కడ, ఎలా

మూడు దారులు. ఈ చట్టం కింద నియమించిన ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరికి వెళ్లొచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో అడిగితే చెబుతారు. ఆ అధికారి మీరు చెప్పింది ఫారం-1లో రిపోర్టుగా రాసి మేజిస్ట్రేట్‌కు పంపాలి. రెండోది, లాయరును పెట్టుకుని మేజిస్ట్రేట్ కోర్టులో 12వ సెక్షన్ కింద ఫారం-2లో నేరుగా వేయడం. మూడోది జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ. స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా సరే. ప్రొటెక్షన్ ఆఫీసరు రిపోర్టు లేదని పిటిషన్ తిప్పి పంపితే, అది తప్పనిసరి కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేయండి.

కేసు వేయడానికి అత్తగారి ఊరు పోనక్కర్లేదు. పుట్టింట్లోనో అక్క ఇంట్లోనో తాత్కాలికంగా ఉన్నా అక్కడి కోర్టులోనే వేయొచ్చు. భర్త అమెరికాలో ఉన్నా అంతే.

పిటిషన్‌లో అసలు బలం సంఘటనలు రాసే తీరులో ఉంటుంది. "తరచూ శారీరకంగా, మానసికంగా హింసించేవాడు" అనే వాక్యం ప్రతి పిటిషన్‌లోనూ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. "దసరా మర్నాడు రాత్రి, వంటింట్లో, జీతం డబ్బు ఇవ్వనన్నందుకు ఎడమచెయ్యి మెలిపెట్టాడు, పక్కింటావిడ వచ్చి విడిపించింది, పొద్దున ఏరియా ఆసుపత్రిలో కట్టు కట్టారు" అని రాస్తే నిలుస్తుంది. ఇలాంటివి నాలుగైదు చాలు.

స్త్రీధనం జాబితా విడిగా కట్టండి: ఏ వస్తువు, ఎన్ని గ్రాములు, ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరి దగ్గరుంది. పెళ్లి ఫొటోలో ఆ నగ కనిపిస్తుంటే ఆ ఫొటో నంబరు పక్కన వేయండి. "30 తులాల బంగారం" అని ఒక్క ముక్కలో రాస్తే తిరిగి ఇప్పించడం కష్టం.

ఏమేం అడగాలి? 18వ సెక్షన్ కింద కొట్టకుండా, ఆఫీసుకో బడికో వచ్చి గొడవ చేయకుండా రక్షణ ఉత్తర్వు. 19 కింద నివాసం. ఇల్లు మామగారి పేరున ఉందని బెదిరించినా, మీరక్కడ కాపురం చేసి ఉంటే అందులో ఉండే హక్కు అడగవచ్చని 2020 తీర్పు ఉంది. అక్కడ ఉండటం ప్రమాదమైతే వేరే ఇంటి అద్దె అడగండి. ఇల్లు ఖాళీ చేయమని అత్తను మాత్రం కోర్టు ఆదేశించడానికి వీల్లేదు, స్త్రీలకు ఆ మినహాయింపు ఉంది. 20 కింద నెలనెలా ఖర్చులు, 21 కింద పిల్లల తాత్కాలిక కస్టడీ, 22 కింద నష్టపరిహారం.

అందరూ వదిలేసేది 23వ సెక్షన్. తొలి వాయిదా మూడు రోజుల్లో, కేసు 60 రోజుల్లో అని చట్టంలో ఉన్నా, ఆచరణలో ఆ గడువు నిలవడం అరుదు. అందుకే కేసు తేలే లోపే ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు కోసం ఈ సెక్షన్ కింద ఫారం-3 అఫిడవిట్ మొదటి రోజే వేయాలి. పరిస్థితి అత్యవసరమైతే అవతలివాళ్లు రాకముందే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. భరణం అడిగేటప్పుడు ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలి. మీకు జీతముంటే దాచొద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో బయటపడితే మిగతా మాటలూ నమ్మరు. వేరే కోర్టులో మనోవర్తి కేసు ఉంటే అదీ చెప్పాలి.

ఉత్తర్వు చేతికి వచ్చాక

కాపీ ఉచితం. మీ స్టేషన్‌కు కూడా చేరిందో లేదో స్వయంగా వెళ్లి కనుక్కోండి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది నాన్ బెయిలబుల్, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు.

డబ్బు ఇవ్వకపోతే ఏడాది లోపు వసూలు పిటిషన్ వేయండి. "ఇస్తాలే" అన్న మాట నమ్మి రెండేళ్లు ఆగిన వాళ్లకు పాత నెలల బకాయి రాబట్టుకోవడం గండమే. భర్త ఉద్యోగి అయితే జీతంలోంచే కోసి ఇవ్వమని యజమానిని ఆదేశించే అధికారం కోర్టుకు ఉంది, దాన్ని పిటిషన్‌లోనే అడిగి ఉంచండి. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు. రాజీ కుదిరితే షరతులన్నీ కోర్టులో రికార్డు చేయించుకున్న తర్వాతే కేసు ఉపసంహరించుకోండి.