బాలిలో డాలర్లు మార్చేటప్పుడు చివరి లెక్క మీదే కావాలి

బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసి రిటైరైన దాన్ని. బాలి వెళ్తున్నామని ఎవరు చెప్పినా ముందుగా డబ్బు మార్పిడి గురించే హెచ్చరిస్తాను.

కూటా, లెగియన్ వీధుల్లో బట్టల కొట్ల మధ్య చిన్న బల్ల వేసుకుని డాలర్లు మార్చేవాళ్లు ఉంటారు. బోర్డు మీద రేటు బ్యాంకు రేటు కన్నా ఎక్కువ. కింద 'కమిషన్ లేదు' అని కూడా రాసి ఉంటుంది. బజారు కన్నా ఎక్కువ ఇచ్చేవాడికి గిట్టుబాటు ఎక్కడి నుంచి వస్తుంది? మీ కట్టలోంచే.

డాలరుకు 16 వేల రుపియాలు (ఇండోనేషియా డబ్బు) అనుకోండి. 100 డాలర్లకు 16 లక్షలు. లక్ష రుపియాల ఎర్రనోట్లయితే పదహారే కాగితాలు, చూపుతోనే లెక్క తేలిపోతుంది. అందుకే అవి ఇవ్వడు. 20 వేల ఆకుపచ్చ నోట్లు 80 తీసి, ఐదేసి చొప్పున బల్లంతా పేరుస్తాడు. మిమ్మల్నే లెక్కపెట్టుకోమంటాడు. సరిపోతుంది. అప్పుడు 'నేనూ ఒకసారి చూస్తాను' అంటూ అన్నీ పోగుచేసి, అంచులు సమం చేస్తున్నట్టు బల్లకు తడతాడు. సరిగ్గా అప్పుడే పక్కవాడు మీది ఏ ఊరని పలకరిస్తాడు. మేము వెళ్లినప్పుడూ ఇదే జరిగింది. మా చెల్లెలు ఆ పక్కవాడికి జవాబు చెబుతుంటే నేను తట్టే చేతినే చూస్తున్నాను. బొటనవేలు కట్ట మీద ఉంది, మిగతా వేళ్లు అడుగున కదిలాయి, కొన్ని నోట్లు బల్ల వెనక సొరుగులోకి జారాయి. కట్ట అందుకుని అక్కడే లెక్కపెట్టాను. 70 ఉన్నాయి. అతను మారుమాట లేకుండా డాలర్లు వెనక్కి ఇచ్చేశాడు.

కాబట్టి ఎర్రనోట్లే అడగండి. లెక్క మీ ఫోనులో వేసుకోండి, అక్కడి కాలిక్యులేటర్‌ను నమ్మవద్దు. మీరు లెక్కపెట్టాక అతని చెయ్యి నోట్లకు తగిలితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సిందే. అంతవరకు డాలర్లు మీ దగ్గరే ఉండాలి. తక్కువైతే 'పొరపాటు' అంటూ కలిపి ఇస్తానంటాడు, ఒప్పుకోకుండా వచ్చేయండి. ఆ దేశ కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఇండోనేషియా అనుమతి ఉన్న దుకాణాలు 'కుప్వా బెరిజిన్' అనే గుర్తు పెట్టుకుంటాయి, రశీదు ఇస్తాయి. రేటు కాస్త తక్కువైనా అక్కడికే వెళ్లండి. మడతలు, మరకలు లేని డాలర్లు తీసుకెళ్లండి, పాతవాటికి రేటు తగ్గిస్తారు. ఏటీఎం అయితే బ్యాంకు శాఖ లోపలిది వాడండి.

వీసా రుసుము 5 లక్షల రుపియాలు. 2024 ఫిబ్రవరి నుంచి బాలి వసూలు చేస్తున్న పర్యాటక రుసుము లక్షన్నర. రెండూ ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే కట్టండి, ఎక్కువ అడిగే సైటు మధ్యవర్తిది. టాక్సీకి బ్లూబర్డ్ మంచిది. లేత నీలం రంగు కార్లన్నీ వాళ్లవి కావు, అద్దం మీద పేరు చదివి, మీటరు వేయించి ఎక్కండి. అద్దె స్కూటర్ తీసుకుంటే పాత గీతలన్నీ యజమాని ముందే వీడియో తీయండి.

ఉలువాటు గుడిలో కోతులు కళ్లద్దాలు, ఫోన్లు లాక్కుని తిండి ఇస్తేగానీ వదలవు. విలువైన వస్తువులనే అవి ఎంచుకుంటాయని 2021లో ఒక పరిశోధన కూడా వచ్చింది. అన్నీ సంచిలో పెట్టి జిప్పు వేయండి. లెంపుయాంగ్ గుడి ద్వారం నీళ్లలో ప్రతిబింబిస్తున్నట్టు ఉండే ఫోటో చాలామంది చూసే ఉంటారు, ఆ నీళ్లు అక్కడ ఉండవు, ఫోను కింద అద్దం పెట్టి తీస్తారు. ఆ ఫోటో కోసం గంటల తరబడి వరుసలో నిలబడడం కన్నా, పొద్దున్నే వెళ్లి అక్కడి నుంచి కనిపించే అగుంగ్ పర్వతాన్ని తనివితీరా చూడండి.

డ్రైవర్ దారిలో 'కాఫీ తోట' దగ్గర ఆపుతానంటే బయలుదేరే ముందే వద్దని చెప్పండి. అతనికి అక్కడ కమిషన్ ఉంటుంది. అమ్మేది లువాక్ కాఫీ, అంటే పునుగు పిల్లి తిని విసర్జించిన గింజలతో చేసేది. అడవిలో సేకరించినదని చెబుతారు గానీ, చాలాచోట్ల పిల్లుల్ని బోనుల్లో పెట్టి కాఫీ పళ్లే మేపుతారు. రాత్రిపూట తిరిగే జీవి, పట్టపగలు ఆ ఇనుప చువ్వల వెనక అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. మామూలు బాలి కాఫీ ఏ చిన్న హోటల్లోనైనా దొరుకుతుంది, చాలా బాగుంటుంది.