కుక్క మనసు చదవడం – మూడో పాఠం: గుమ్మం దగ్గర మొదటి నిమిషం

గత రెండు పాఠాల్లో కుక్క చెవుల తీరును, కళ్ల తీరును విడివిడిగా గమనించడం అలవాటు చేసుకున్నాం. ఈ పాఠంలో వాటిని ఒకచోట చేర్చి, మీరు బయటి నుంచి వచ్చినప్పుడు మీ కుక్క గుమ్మం దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో చదవడం నేర్చుకుందాం. రోజంతటిలో ఈ ఒక్క నిమిషాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కలిసి ఉన్నప్పటికంటే, విడిపోయి మళ్లీ కలిసినప్పుడే అనుబంధం స్పష్టంగా బయటపడుతుంది. పసిపిల్లలకు తల్లితో ఉండే అనుబంధాన్ని అంచనా వేయడానికి మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ రూపొందించిన పరీక్ష ఈ సూత్రం మీదే నడుస్తుంది. బుడాపెస్ట్ పరిశోధకులు దానినే కొద్దిగా మార్చి, 51 కుక్కలతోను వాటి యజమానులతోను చేసి చూసి, 1998లో ఫలితాలు ప్రచురించారు. కొత్త గదిలో యజమాని పక్కనుంటే కుక్క ధైర్యంగా ఆడుకుంటుందని, ఆయన బయటికి వెళ్లి అపరిచితుడు మిగిలితే తలుపు దగ్గరే ఎక్కువసేపు నిలబడుతుందని వారు గమనించారు.

మొదట తోక సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. తోక ఊపిందంటే దాని మనసు కదిలిందని మాత్రమే అర్థం. ఆ కదలిక ఆనందమా, కంగారా, కోపమా అన్నది తోక ఎత్తును, బిగువును బట్టి తేల్చుకోవాలి. తోకను నిటారుగా నిలిపి, కొసను మాత్రమే బిర్రుగా కదిలిస్తున్న కుక్కకు దూరంగా ఉండటమే మంచిది. తోకతో పాటు నడుము కూడా మెలికలు తిరుగుతూ, ఒళ్లంతా వదులుగా ఊగుతుంటే అది ఆప్యాయత. ఇటలీలోని బారీ విశ్వవిద్యాలయంలో 30 కుక్కలను వీడియో తీసి పరిశీలించినప్పుడు, యజమానిని చూసిన కుక్క తోక దాని కుడివైపుకు ఎక్కువగా ఊగుతుందని 2007లో తేలింది. ఆసక్తికరమైన విషయమే గానీ, ఇంట్లో ఉత్త కంటితో ఆ తేడాను పట్టుకోవడం కష్టం కనుక దానిని మన అభ్యాసంలో చేర్చడం లేదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. వీధిలో దొరికిన పిల్లను తెచ్చి పెంచిన మా మల్లికి ఇప్పుడు ఏడేళ్లు. నా స్కూటర్ చప్పుడు సందు మొదట్లో వినబడగానే అది లేచి, ఎవరిదో ఒక చెప్పు నోట కరుచుకుంటుంది. కొరకదు, పట్టుకుని ఉంటుందంతే. తలుపు తీసేసరికి నాకు ఎదురుగా కాక, ఒళ్లు విల్లులా వంచి పక్కవాటుగా వస్తుంది. చెవులు వెనక్కి వాలి, కళ్లు సగం మూసుకుని ఉంటాయి. వచ్చి తన పిర్రను నా మోకాలి కింద ఆనించి, బరువంతా నా మీద వేసి నిలబడుతుంది. అర నిమిషం తర్వాత ఒళ్లు ఒకసారి విదిలించుకుని, నీళ్లు తాగి, నేను కనబడే చోట చూసుకుని పడుకుంటుంది. ఈ మొత్తంలో అన్నిటికంటే విలువైన గుర్తు చివరిదేనని నా అభిప్రాయం. ఎగిరి మీద పడి, ఏడ్చి, పది నిమిషాలైనా కుదురుకోలేని కుక్కను చూసి ‘ఎంత ప్రేమో’ అని మురిసిపోతాం గానీ, నిజానికి అది ఒంటరిగా ఉన్నంతసేపూ బెంగతో నలిగిపోయి ఉండవచ్చు. యజమాని రాగానే నెమ్మదించగలగడం గట్టి అనుబంధానికి గుర్తు.

కొన్ని కుక్కపిల్లలు మిమ్మల్ని చూడగానే నేలకు కరుచుకుపోయి మూత్రం పోస్తాయి. అది పొగరూ కాదు, మరపూ కాదు. ‘నా వల్ల నీకు ఏ హానీ లేదు’ అని అణకువతో చెప్పుకోవడం. అప్పుడు గద్దిస్తే మరింత ఎక్కువవుతుంది. ఇక మూతి నాకడం, పిల్లలు తల్లి నోరు నాకి తిండి అడిగే అలవాటు నుంచి వచ్చిన పలకరింపు. ప్రేమే అయినా, ఒంటి మీద పుండు గానీ గీత గానీ ఉన్నచోట నాకనివ్వకండి. తెగిన చర్మం మీద కుక్క నాకితే రేబిస్ విషయంలో దానిని తీవ్రమైన ప్రమాదంగానే లెక్కిస్తారు. మీ కుక్కకు టీకా ఎప్పుడు వేయించారో ఈ రోజే చీటీ తీసి చూసుకోండి.

ఈ వారం అభ్యాసం ఏడు రోజులు చేయాలి. లోపలికి రాగానే పేరు పెట్టి పిలవకుండా, దాని మీదికి వంగకుండా, కొంచెం పక్కకు తిరిగి నిలబడి చేయి కిందికి వదలండి. అది దగ్గరికి వస్తే ఛాతీ మీద మూడు లెక్కపెట్టేంతసేపు నిమిరి ఆపేయండి. మూతితో చేతిని నెట్టితే ఇంకా కావాలని. తల తిప్పుకున్నా, పెదవులు నాకినా, ఆవులించినా ఇక చాలని. తర్వాత నోటుపుస్తకంలో తోక ఎత్తు, చెవుల తీరు, కుదురుకోవడానికి పట్టిన సమయం రాయండి. మీరు ఎంతసేపు బయట ఉన్నారో కూడా రాయడం మరవకండి. స్వీడన్‌లో 12 కుక్కలతో చేసిన పరిశీలనలో, అర గంట ఎడబాటు తర్వాత కంటే రెండు గంటల తర్వాత పలకరింపు ఎక్కువ ఉత్సాహంగా ఉన్నట్టు కనబడింది.

వచ్చే పాఠం కుక్క ఎక్కడ, ఎవరికి వీపు ఆనించి పడుకుంటుందన్న దాని గురించి. అప్పటికి మీ పుస్తకంలో ఏడు రోజుల లెక్క సిద్ధంగా ఉండాలి.