గిలక కట్టు మాను మీద జారుతాంటే, ముడి బిగుసుకుపోతాంటే: సమస్య - పరిష్కారం

అనంతపురం, కడప పక్క గాలివానలు మొదలయ్యే ముందు ఇండ్ల మీదికి వంగిన వేపకొమ్మలు, రోడ్డు పక్క చింతమాన్లు కొట్టే పని జాస్తి ఉంటాది. కొమ్మను తాడుకు కట్టి, పైన గిలక మీదుగా నిదానంగా దించేవాళ్లు ఇప్పుడు బాగానే కనపడతాండారు. అయితే ఏ తేడా వచ్చినా అందరూ చేసేది ఒకటే, ఇంకా లావు తాడు కొంటారు. లావు తాడుతో తీరేవి తక్కువప్పా, చాలాసార్లు తేడా అంతా గిలకను మానుకు కట్టిన పద్ధతిలోనే ఉంటాది. ఇంకోటి, దగ్గర్లో కరెంటు తీగలుంటే లైన్‌మన్‌తో చెప్పి ఎల్‌సి (లైన్ క్లియర్, అంటే ఆ తీగల్లో కరెంటు ఆపించడం) తీయించేదాకా కింద చెప్పేది ఏదీ మొదలుపెట్టొద్దు.

సమస్య: లోడు పడంగానే గిలక కట్టు జానెడు కిందికి దిగుతాది

ముందు మాను బెరడు చూడండి. వేప, చింత బెరడు గరుకు, తాడును పట్టుకుంటాది. నీలగిరి మాను నున్నగా ఉంటాది, అక్కడ ఒక్క చుట్టు సరిపోదు. కారణం సగం ఇదే, మిగతా సగం కట్టులో వదులు. చేత్తో బిగించి వదిలేస్తారు, లోడు పడినాక అది తనే బిగుసుకుంటాది కదా అనుకుంటారు, ఆ బిగుసుకునే లోపలే జారేది.

దీనికి నేను వాడేది కౌ హిచ్ అనే ముడి, దానికి చివర్న ఇంకో సగం ముడి (హాఫ్ హిచ్). తాడుకు ఒక కొసన కన్ను వేసి ఉంటాది, గిలక దాంట్లో ఉంటాది. రెండో కొసను మాను చుట్టూ తిప్పి తెచ్చి, ఆ కన్ను మెడ మీదుగా దాటించి, వచ్చిన దారికి ఎదురుగా మళ్లీ వెనక్కి చుట్టూ తిప్పి, ముందు దాటించినప్పుడు ఏర్పడిన మడత కిందనుంచి బయటికి లాగాలి. ఇప్పుడు కన్ను, కొస రెండూ ఒకే మడత కిందనుంచి పక్కపక్కనే వస్తాయి. ఆ కొసను పక్కనున్న చుట్టు కిందకి ఇంకోసారి దూర్చి గట్టిగా లాగండి, ఒక మూరెడైనా కొస మిగలాల. అయినాక గిలకను పట్టుకొని మీ బరువంతా వేసి ఒకసారి కుదిపి చూడండి, ముడి కూర్చునేది అప్పుడే. దారి ఉంటే కట్టును పంగ కింద కాకుండా పంగ పైన పడేటట్ల వేస్తే జారే మాటే ఉండదు.

సమస్య: మాను మొదట్లో బ్రేకు కట్టిన టింబర్ హిచ్, తాడు వదులైనప్పుడల్లా ఊడొస్తాది

బ్రేకంటే తాడును చుట్టి నిదానంగా వదిలే సామాను, టింబర్ హిచ్ అంటే తాడు కొసను మాను చుట్టూ తిప్పి ఆ తాడు మీదే మెలిపెట్టే ముడి. లోడు ఉన్నంతసేపు బాగుంటాది, రెండు కొమ్మల మధ్య తాడు వదిలితే చుట్లు విప్పుకుంటాయి. చుట్లు తక్కువ, అదీ అన్నీ ఒకే చోట కుప్పేసి ఉంటాయి. కనీసం ఐదు చుట్లు వేసి, అవి మాను చుట్టూ పరుచుకునేటట్ల చూడండి. దిక్కు కూడా ముఖ్యం, లాగే కాలు, అంటే లోడు పడే వైపు తాడు, రింగు (మెలిపెట్టిన కొసతో ఏర్పడిన ఉచ్చు) మీద మడత పడి వెనక్కి లాగాల, అప్పుడే బిగుసుకుంటాది, రింగు పోయే దిక్కుకే లాగితే తెరుచుకుంటాది. సన్న మానుకు ఐదు చుట్లు పరిచే జాగా ఉండదు, దానికి టింబర్ హిచ్ వద్దు, పైన చెప్పిన కౌ హిచ్ వేయండి.

సమస్య: గిలక కట్టిన కొమ్మ కిర్రుమంటాది, వంగుతాది

వంద కిలోల మొద్దే కదా అనుకుంటారు. బావిలో నీళ్లు తోడేటప్పుడు దూలం మీద బిందె బరువు ఒక్కటే కాదు, మీరు లాగే బరువు కూడా పడుతుంది కదా, ఇక్కడా అంతే. తాడు రెండు కాళ్లూ దాదాపు పక్కపక్కనే కిందికి దిగుతాంటే ఆ కట్టు మీద పడేది వందకు దగ్గర దగ్గర రెండు వందలు. రెండు కాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలైతే మాత్రం వందే. గిలకను కోసే చోటుకు కింద కట్టి, పైముక్కను దాని మీదకి పడేస్తే ఇంకా ఎన్నో రెట్లు పడుతుంది, ఎంత దూరం పడి ఆగింది అనేదాన్ని బట్టి. కాబట్టి ముక్కలు చిన్నవి కోయండి, బ్రేకు పట్టుకున్న మనిషి ఒక్కసారిగా ఆపకుండా తాడును జారనిచ్చి నిదానంగా నిలపాల. గుల్‌మొహర్, మునగ లాంటి పెళుసు మాన్ల మీద గిలక కట్టడమే నాకు ఇష్టం లేదు, పక్కన వేరే మాను ఉంటే అక్కడ కట్టండి.

సమస్య: తాడు ఒక చోట గాజులాగా మెరిసి గట్టిపడింది

అది కరిగింది. గిలక లేకుండా తాడు మీదే తాడు రాపిడి పెట్టి దించినప్పుడు ఇట్ల అవుతాది. బజార్లో దొరికే ప్లాస్టిక్ తాడు, అంటే పాలిప్రొపిలీన్, దాదాపు 165 డిగ్రీలకే కరుగుతుంది, నైలాన్ 220 దాకా ఆగుతుంది. మెరిసిన ముక్కను కోసి పారేయండి, మధ్యలో ముడేసి అతికి వాడొద్దు.

సమస్య: బెల్టు అంచు తెగుతోంది

తాడిపత్రి, బేతంచెర్ల రాయి పనుల్లో వాడేసిన పాత బెల్టు స్లింగులు (బరువులెత్తే పట్టీలు) చెట్టు పనికి తెచ్చుకుంటారు. పోగుల్లో రాతి పొడి ఉంటాది, లోడు పడినప్పుడల్లా లోపలినుంచి కోస్తుంది. అంచు తెగింటే, ట్యాగు ఊడిపోయింటే తీసుకోవద్దు. ట్యాగు ఉంటే దాని మీద చూడండి, వంకాయ రంగుది 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3, అదీ నేరుగా లాగినప్పుడు. ఉచ్చు వేసి కడితే దాంట్లో 0.8 వంతే, రెండు కన్నులూ కలిపి ఉయ్యాలలాగా నేరుగా వేస్తే 2 రెట్లు. ఉచ్చును సుత్తితో కొట్టి మానుకు అంటించేవాళ్లు ఉన్నారు, అట్ల చేస్తే మడత కోణం తగ్గి బలం ఇంకా పోతాది, దానంతటదే కూర్చున్న కోణంలోనే వదిలేయండి.

సమస్య: పని అయినాక ముడి విప్పలేకపోతాండాం

మామూలు పీటముడి వేసి టన్ను లాగినాక అది రాదు, కోసుకోవడమే. కొమ్మకు కట్టేచోట రన్నింగ్ బౌలైన్ (జారి బిగుసుకునే ఉచ్చు ముడి) వేయండి, లోడు తీసినాక ముడి వీపు మీది మడతను బొటనవేలితో ముందుకు తోస్తే విప్పుకుంటాది. కొమ్మ పొడవుంటే దానికి ముందర ఒక హాఫ్ హిచ్ వేస్తే జారకుండా పట్టుకుంటాది, ముడి మీద భారమూ తగ్గుతుంది.