ఆఫీసు ఫ్యాక్స్ మిషన్ నుంచి ఈమెయిల్ – 3వ పాఠం: సెట్టింగ్స్‌లో అడిగే మాటలు

గత పాఠంలో మిషన్‌కి నెట్‌వర్క్ వైరు పెట్టి, మెనూలోంచి నెట్‌వర్క్ రిపోర్ట్ ప్రింట్ తీశాం. ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి. దానిమీదున్న మాటలు చూస్తూ, స్కాన్ చేసిన పేజీ మెయిల్‌గా బయటికి వెళ్లేదాకా వద్దాం.

ముందుగా ఒక తేడా తెలియాలి. ఫ్యాక్స్‌లో మన మిషన్ అవతలి మిషన్‌తో నేరుగా మాట్లాడుతుంది. పేజీ అందిందని అవతలి నుంచి జవాబు వస్తేనే రిపోర్టులో ఓకే పడుతుంది. ఈమెయిల్ అయితే పోస్టాఫీసులో కవరు ఇచ్చినట్టు. మిషన్ మెయిల్‌ని సర్వర్‌కి అప్పజెబుతుంది, సర్వర్ తీసుకోగానే ఓకే అని చూపిస్తుంది. ఆ తర్వాత అది అవతలివాళ్లకు చేరిందా, స్పామ్‌లో పడిందా అన్నది మిషన్‌కి తెలియదు. ఫ్యాక్స్ ఓకే రిపోర్టుని రుజువుగా ఫైల్లో పెట్టుకునే అలవాటున్న ఆఫీసుల్లో ఇది తప్పకుండా చెప్పాల్సిన సంగతి. టెండరు కాగితాలో, బ్యాంకు కాగితాలో పంపితే ఒకసారి ఫోన్ చేసి అడగండి. మెయిల్ చేరకపోతే ఆ సమాచారం మామూలుగా 'ఫ్రమ్' గడిలో ఉన్న అడ్రసుకే తిరిగి వస్తుంది. అందుకే అక్కడ ఎవరూ తెరవని అడ్రసు పెట్టకండి.

ఇక రిపోర్టులో మొదట కనిపించేది ఐపీ అడ్రస్. 192.168.1.50 లాగా చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 లోపు. నెట్‌వర్క్‌లో మన మిషన్‌ని గుర్తుపట్టేది దీనితోనే. డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంటే ఈ అడ్రస్ రౌటరే ఇస్తుంది. రిపోర్టులో 169.254 తో మొదలయ్యే అడ్రస్ ఉందంటే రౌటర్ నుంచి ఏమీ రాలేదని అర్థం. అప్పుడు మెయిల్ సెట్టింగ్స్ జోలికి పోకుండా ముందు వైరు, రౌటర్ చూడండి.

దాని కింద సబ్‌నెట్ మాస్క్ ఉంటుంది. చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా 255.255.255.0 కనిపిస్తుంది. మొదటి మూడు అంకెలు కలిసినవన్నీ మన ఆఫీసులోవే అని దానర్థం. ఆఫీసు దాటి బయటికి పోవాలంటే దారి గేట్‌వే, అంటే సాధారణంగా మన రౌటర్ అడ్రస్. అడ్రసులు చేత్తో కొట్టినప్పుడు చాలామంది గేట్‌వే గడి ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు ఆఫీసు కంప్యూటర్ల నుంచి ప్రింట్లు చక్కగా వస్తుంటాయి, మెయిల్ మాత్రం ఒక్కటీ పోదు. ప్రింట్ వస్తోంది కాబట్టి నెట్‌వర్క్ బాగానే ఉందనుకుని రోజంతా పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చుంటారు. సర్వర్ పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ వెతికిపెట్టేది డీఎన్‌ఎస్. సర్వర్ దొరకలేదన్న ఎర్రర్ వస్తే ఆ గడిలో గూగుల్ ఇచ్చే 8.8.8.8 పెట్టి చూడండి.

ఇప్పుడు అసలు విషయం, ఎస్‌ఎంటీపీ. మెయిల్ పంపడానికి వాడే పద్ధతి ఇది, 1982లో ప్రమాణంగా రాశారు. అప్పట్లో ఇందులో పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే లేదు, అది తర్వాత చేర్చారు. జీమెయిల్ వాడేవాళ్లు సర్వర్ గడిలో ఎస్‌ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్ అని ఇంగ్లిష్‌లో కొట్టాలి. పక్కనే పోర్ట్ నంబర్, అంటే సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబర్ లాంటిది, అడుగుతుంది. పాత మిషన్లలో 25 ముందే నింపి ఉంటుంది. స్పామ్ బెడద వల్ల చాలా ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని మూసేశాయి. 587 పెడితే స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోండి, 465 పెడితే ఎస్‌ఎస్‌ఎల్. మెయిల్‌ని దారిలో వేరేవాళ్లు చదవకుండా తాళం వేసే పద్ధతులు ఈ రెండూ. ఈ జతలు తారుమారైతే మిషన్ 'కనెక్టింగ్' దగ్గరే ఆగిపోవచ్చు.

యూజర్ నేమ్ గడిలో పూర్తి మెయిల్ అడ్రస్ ఉండాలి. పాస్‌వర్డ్ దగ్గరే అందరికీ టెన్షన్. 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ ఖాతాలకు ఇలాంటి మిషన్లలో రోజువారీ పాస్‌వర్డ్ పనిచేయదు. ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసి, ఇలాంటి మిషన్ల కోసం గూగుల్ విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది కొట్టాలి. దాన్ని మిషన్ చిన్న బటన్లతో కొట్టడం పెద్ద తలనొప్పి. కంప్యూటర్ బ్రౌజర్‌లో మిషన్ ఐపీ అడ్రస్ కొడితే చాలా మోడళ్లలో సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ ఖాళీలు లేకుండా పేస్ట్ చేయండి. ఒకటి గుర్తుంచుకోండి: ఎవరైనా గూగుల్ ఖాతా అసలు పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్ కూడా రద్దవుతుంది. నిన్నటిదాకా వెళ్లిన మెయిల్ ఇవాళ హఠాత్తుగా ఆగితే మొదట అడగాల్సింది ఇదే.

సైజు సంగతి క్లుప్తంగా. జీమెయిల్‌లో ఒక మెయిల్‌కి 25 ఎంబీ దాకానే, అటాచ్‌మెంట్ సైజు దారిలో ఇంకో మూడో వంతు దాకా పెరుగుతుంది కూడా. ఉత్తరాలకు బ్లాక్ అండ్ వైట్, 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు) చాలు. ఫ్యాక్స్‌లో 'ఫైన్' అని పెట్టుకునేది దాదాపు అంతే.

అభ్యాసం: మీ రిపోర్టులో ఐపీ అడ్రస్, మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ కింద గీతలు గీయండి. గేట్‌వేలో మొదటి మూడు అంకెలు ఐపీ అడ్రస్‌తో కలుస్తున్నాయా చూడండి. తర్వాత ఒక్క పేజీ మీ సొంత మెయిల్‌కే పంపండి. ఎర్రర్ వస్తే అక్షరం పోకుండా రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో ఆ ఎర్రర్లతోనే పని.