మెక్సికో సరిహద్దులో ఇంటి సామాను, కట్టుబడి సామగ్రి డిక్లేర్ చేయడం ఎలా?

అమెరికాలో ఇల్లు ఖాళీ చేసి మెక్సికోకు మకాం మార్చేవాళ్లు, బాహా కాలిఫోర్నియా తీరంలో ఇల్లు కట్టుకుంటూ టైల్స్, కుళాయిలు పికప్‌లో వేసుకుని వెళ్లేవాళ్లు రోడ్డు మార్గంలో ఎదుర్కొనే తనిఖీ ఒకటే. భారతీయ ఐటీ కంపెనీల ఆఫీసులున్న గ్వాదలహారా, మొంతెర్రే నగరాలకు టెక్సస్ నుంచి బదిలీ మీద వెళ్లే తెలుగువాళ్లకూ ఇదే దారి. కస్టమ్స్‌ను అక్కడ ‘అదువాన’ అంటారు. 2022 జనవరి నుంచి దీన్ని చూస్తున్నది ఆనామ్ అనే జాతీయ కస్టమ్స్ సంస్థ. సరిహద్దు దగ్గర పని పావుగంటలో అయిపోవాలంటే కాగితాలన్నీ ఇంటి దగ్గరే తయారవ్వాలి. అక్కడికి వెళ్లాక చూసుకుందామంటే కుదరదు.

ముందుగా సామాను మూడు కుప్పలు చేయండి

మొదటిది సొంత లగేజీ. బట్టలు, చెప్పులు, ఒక ల్యాప్‌టాప్, మూడు సెల్‌ఫోన్ల వరకు, రెండు కెమెరాలు, పిల్లల బొమ్మలు కొన్ని. వీటికి పన్ను లేదు, మినహాయింపు లెక్కలోకీ రావు. ఇల్లు కట్టేవాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది: పెట్టెతో సహా ఒక చేతి పనిముట్ల సెట్టు కూడా లగేజీ కిందే వస్తుంది. అందులో ఒక డ్రిల్లు, పానాలు, స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు ఉండవచ్చు. ఒక్క సెట్టే సుమా. టేబుల్ రంపం, కాంక్రీటు మిక్సర్ లగేజీ కావు.

రెండో కుప్ప కొత్తగా కొన్నవి: ఫ్యాన్లు, సింకులు, తలుపులు, టైల్స్, వంటింటి ఉపకరణాలు. వీటికి మినహాయింపు పరిమితి ఉంది, దాటితే పన్ను.

మూడోది వాడిన ఇంటి సామాను మొత్తం: మంచాలు, సోఫా, ఫ్రిజ్, గిన్నెలు, పుస్తకాలు. మకాం మార్చేవాళ్లు దీన్ని ‘మెనాహె దె కాసా’ పేరుతో సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు, కానీ దానికి కాన్సులేట్ ముద్ర ఉన్న జాబితా కావాలి. ఎక్కువ మంది ఇబ్బంది పడేది రెండో కుప్పను మూడోదానిలో కలిపేసినప్పుడు. ప్లాస్టిక్ కవరు కూడా తీయని టీవీని ‘వాడిన సామాను’ జాబితాలో రాస్తే, అధికారికి మిగతా జాబితా మీద కూడా నమ్మకం పోతుంది.

కొత్త వస్తువుల లెక్క

రోడ్డు మార్గంలో వచ్చే ఒక్కో మనిషికి 300 డాలర్ల విలువైన సరుకు పన్ను లేకుండా వెళ్తుంది. విమానంలో వస్తే 500. ఈస్టర్, వేసవి, డిసెంబరు సెలవుల్లో ‘పైసానో’ కార్యక్రమం నడిచే రోజుల్లో ఇంటికొచ్చే మెక్సికో పౌరులకు రోడ్డు మీద కూడా 500 ఇస్తారు. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు 300 అనుకునే లెక్క వేసుకోవాలి. భార్యాభర్తలు, పిల్లలు ఒకే బండిలో కలిసి వస్తే అందరి మినహాయింపులూ కలుపుకోవచ్చు. చంటిపిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. స్నేహితులది కలపడం కుదరదు. మద్యం, బీరు, సిగరెట్లు, ట్యాంకులో కాకుండా విడిగా తెచ్చే పెట్రోలు ఈ మినహాయింపులోకి రావు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. భార్యాభర్తలిద్దరూ ఒకే పికప్‌లో వెళ్తున్నారు. బాత్రూం టైల్స్ 640 డాలర్లు, సింకు, కుళాయి కలిపి 310, రెండు సీలింగ్ ఫ్యాన్లు 180, నాలుగు లోపలి తలుపులు 470. మొత్తం 1,600. ఇద్దరి మినహాయింపు 600 తీసేస్తే పన్ను పడేది 1,000 డాలర్ల మీద. ప్రయాణికుల సరుకుకు ఒకే గంపగుత్త రేటు ఉంటుంది. టైల్స్‌కు ఒకటి, ఫ్యాన్లకు ఒకటి అని వేరువేరుగా లెక్క కట్టరు. చాలా ఏళ్లు అది 16 శాతంగా నడిచింది. ఆ లెక్కన 160 డాలర్లు. రేటును ఏటా వచ్చే విదేశీ వాణిజ్య నిబంధనల్లో మారుస్తుంటారు, కాబట్టి బయలుదేరే వారంలో ఆనామ్ వెబ్‌సైట్లో ప్రయాణికుల పేజీ చూసి, ఆ రేటుతో మళ్లీ లెక్క వేసుకోండి.

మినహాయింపు పోగా విలువ 3,000 డాలర్లు దాటితే ఈ తేలిక పద్ధతి ఉండదు. లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకరు ‘పెదిమెంతో’ అనే దిగుమతి పత్రం వేయాలి. విలువ తక్కువే అయినా ప్రత్యేక అనుమతి కావాల్సిన సరుకైతే అదే గతి.

విలువ చూపించడానికి రసీదులే ఆధారం. దుకాణం పేరు, తేదీ, వస్తువు పేరు స్పష్టంగా ఉన్న అసలు రసీదులు తీసుకెళ్లండి. థర్మల్ కాగితం మీద అచ్చు ఎండకు చెరిగిపోతుంది, జిరాక్సు తీసి పెట్టుకోవడం మేలు. రసీదు లేకపోతే అధికారి అలాంటి వస్తువు ధరను ఇంటర్నెట్లో వెతుకుతాడు. ఆయనకు కనిపించేది కొత్తదాని ధర. పాత ఫ్రిజ్ తీసుకెళ్తుంటే, అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు అమ్ముతున్నారో చూపే పేజీలు రెండు ప్రింటు తీసి ఉంచండి.

మకాం మార్చేవాళ్ల జాబితా

తాత్కాలిక లేదా శాశ్వత నివాస వీసా ఉన్న విదేశీయులు, తిరిగి సొంత దేశానికి వెళ్లే మెక్సికో పౌరులు ఈ సౌకర్యం వాడుకోవచ్చు. సెలవులకు వెళ్లొచ్చే పర్యాటకులకు లేదు. వస్తువులు దిగుమతికి కనీసం ఆరు నెలల ముందు నుంచి మీ వాడకంలో ఉండాలి. మీరు మెక్సికోలో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు నుంచి, అడుగుపెట్టాక ఆరు నెలల లోపు సామాను దాటాలి. గడువు దాటితే అంతా మామూలు దిగుమతి సరుకే.

జాబితా స్పానిష్‌లో టైపు చేయాలి. పైన మీ పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇప్పటి చిరునామా, మెక్సికోలో ఉండబోయే చిరునామా. కింద పెట్టె నంబరు వారీగా వస్తువులు. ‘వంటింటి సామాను, 4 పెట్టెలు’ అని రాస్తే చాలదు. ఒక్కో పెట్టెలో ఏముందో, ఎన్ని ఉన్నాయో, వాడినదే అన్న మాట ప్రతి వరసలోనూ ఉండాలి. కరెంటుతో నడిచే ప్రతిదానికీ బ్రాండ్, మోడల్, సీరియల్ నంబరు తప్పనిసరి. మిక్సీ, వెట్ గ్రైండర్ కూడా ఇందులోకే వస్తాయి. సీరియల్ నంబరు స్టిక్కరు చాలా ఉపకరణాలకు అడుగున ఉంటుంది, కాబట్టి ప్యాకింగ్ చేయకముందే ఫోటో తీసుకోండి. పెట్టెలు కట్టేశాక మళ్లీ విప్పడం నరకం.

ఈ జాబితా అసలుతో పాటు నాలుగు కాపీలు పట్టుకుని, మీరుండే ప్రాంతానికి సంబంధించిన మెక్సికో కాన్సులేట్‌కు అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాలి. పాస్‌పోర్టు, నివాస వీసా, చిరునామా రుజువు చూపి, ఫీజు కడితే ముద్ర వేసి ఇస్తారు. ఆ తర్వాత ఒక్క వస్తువు కూడా చేర్చడానికి వీల్లేదు. అందుకే అమ్మేసేవి అమ్మేసి, ఇచ్చేసేవి ఇచ్చేసి, మిగిలినవే జాబితాలో రాయాలి. జాబితాలో ఉండి బండిలో లేని వస్తువుకు సంజాయిషీ చెప్పుకోవచ్చు. బండిలో ఉండి జాబితాలో లేనిదానికి పన్ను పడుతుంది.

కారు ఇందులో రాదు. దుకాణానికో ఆఫీసుకో వాడే యంత్రాలు రావు. వృత్తిదారుల పరికరాలు, చేతివృత్తులవాళ్ల పనిముట్లు వస్తాయి. తాత్కాలిక నివాసితుల సామానును తాత్కాలిక దిగుమతిగానే రాస్తారు. నివాస కాలం ముగిసి దేశం వదిలినప్పుడు ఆ సామానూ తిరిగి వెళ్లాలి. కాబట్టి అక్కడ సోఫా అమ్మేసే ముందు ఆ కాగితం సంగతి గుర్తుంచుకోండి. సరిహద్దులో ఈ సామానును దాటించడానికి మామూలుగా బ్రోకరును పెట్టుకోవాల్సి వస్తుంది. పెద్ద ట్రక్కు అయితే లారెదో, నొగాలెస్, ఒతాయ్ లాంటి రద్దీ దారుల్లో పనిచేసే బ్రోకరును రెండు మూడు వారాల ముందే మాట్లాడుకోవడం మంచిది.

మనవాళ్లకు ఒక చిన్న సంగతి: మెక్సికోలో ఇళ్ల కరెంటు 127 వోల్టులు, 60 హెర్ట్జ్. అమెరికాలో కొన్న ఉపకరణాలు అక్కడ నడుస్తాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల గ్రైండర్‌ను జాబితాలోకి ఎక్కించే ముందు అది అక్కడ దేనికి పనికొస్తుందో చూసుకోండి.

కట్టుబడి సామగ్రి: ఏది తీసుకెళ్లాలి, ఏది వద్దు

సిమెంటు, ఇసుక, ఇటుక, ఇనుప చువ్వలు మోసుకెళ్లడం తెలివైన పని కాదు. అమెరికాలో ఒక సిమెంటు బస్తా 94 పౌండ్లు, అంటే దాదాపు 42.6 కిలోలు. ఇరవై బస్తాలంటే 850 కిలోలు. పికప్ మోసే బరువు అక్కడే దాదాపు అయిపోతుంది, పైగా మెక్సికోలో సిమెంటు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఉక్కు విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా రకాల ఉక్కు సరుకుకు ఆర్థిక మంత్రిత్వ శాఖకు ముందస్తు నోటీసు, తయారీ మిల్లు సర్టిఫికెట్ అడుగుతారు.

కోసిన కలప సంగతి అంతకంటే జాగ్రత్తగా చూడాలి. పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా కొత్త కలపకు పర్యావరణ శాఖ మొక్కల ఆరోగ్య నిబంధన ఉంది. నాలుగు పలకలే కదా అని పైకప్పు చట్రానికి పచ్చి కలప వేసుకెళ్తే వెనక్కి పంపవచ్చు. రంగు వేసి పూర్తిగా తయారైన తలుపులు, అల్మారాలతో ఈ బాధ తక్కువ. టైల్స్ చెక్క ప్యాలెట్ మీద వస్తే, ప్యాలెట్ అక్కడే వదిలి పెట్టెలు మాత్రమే ఎక్కించండి. లేదా ప్యాలెట్ మీద వేడిశుద్ధి చేసినట్టు చూపే గోధుమ కంకి ముద్ర ఉందో లేదో చూడండి. కుండీ మట్టి, మొక్కలు, పచ్చగడ్డి చాపలు తీసుకెళ్లొద్దు.

తీసుకెళ్లడానికి అనువైనవి బరువు తక్కువ, విలువ ఎక్కువ ఉన్నవి: కుళాయిలు, తాళాలు, లైట్లు, ఫ్యాన్లు, ఫలానా డిజైన్ టైల్స్, తలుపుల బిగింపులు. ఒకే రకం వస్తువు కుప్పలుగా ఉంటే అమ్మకానికి అనుకుంటారు. ఇరవై కుళాయిలు ఒక ఇంటికి ఎందుకని అడగడం న్యాయమే. ఇంటి ప్లాను, కట్టడానికి తీసుకున్న పురపాలక అనుమతి కాపీ, ఏ గదికి ఎన్ని అన్న చిన్న చీటీ చేతిలో ఉంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

బ్రోకరు దారిలో వెళ్లేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న: దిగుమతిదారుల రిజిస్ట్రీలో పేరు లేకుండా సొంత ఇంటి సరుకు నా పేరు మీద వేయగలరా? రెండోది: అమెరికా, కెనడా, మెక్సికోల్లో తయారైనదానికి మూడు దేశాల వాణిజ్య ఒప్పందం కింద సుంకం తగ్గించగలరా? తగ్గాలంటే వస్తువు ఏ దేశంలో తయారైందో చెప్పే తయారీదారు ధ్రువీకరణ కావాలి. అమెరికా దుకాణంలో కొన్నంత మాత్రాన వస్తువు అమెరికాది అయిపోదు, పెట్టె మీద ఏ దేశం పేరుందో చూడండి. సుంకం తగ్గినా 16 శాతం అమ్మకపు పన్ను ఉంటుంది.

అమెరికా వైపు కూడా ఒక నియమం ఉంది. ఒకే వర్గీకరణ కిందికి వచ్చే సరుకు 2,500 డాలర్లు దాటితే ఏఈఎస్ అనే ఎగుమతి వ్యవస్థలో ముందే సమాచారం దాఖలు చేయాలి.

బండి, ట్రైలరు

అమెరికాలో అద్దెకు తీసుకున్న ట్రక్కును, ట్రైలరును సరిహద్దు దాటించే ముందు కాంట్రాక్టు చదవండి. చాలా అద్దె కంపెనీలు దాటనివ్వవు. మెక్సికోలో చెల్లే బీమా విడిగా కొనాలి. దేశం లోపలికి వెళ్లేటప్పుడు బండికి తాత్కాలిక దిగుమతి పర్మిట్ కావాలి. 2007, ఆ తర్వాత మోడల్‌కు డిపాజిట్ 400 డాలర్లు. బండి వెనక్కి తెచ్చి పర్మిట్ రద్దు చేయించుకుంటే డిపాజిట్ తిరిగి ఇస్తారు. బాహా ద్వీపకల్పానికి, సొనోరాలో కొంత భాగానికి ఈ పర్మిట్ అక్కర్లేదు. ట్రైలరు ఉంటే దాన్నీ పర్మిట్‌లో రాయించండి.

ఎక్కించేటప్పుడు డిక్లేర్ చేసే కొత్త సరుకు తలుపు దగ్గర, వాడిన సామాను లోపల పెట్టండి. అధికారి చూడాలనుకునేది ముందే కనిపిస్తే మిగతాదంతా దింపమనే అవకాశం తగ్గుతుంది. బండి మొత్తం ఒకసారి వెతకండి, సీట్ల కింద కూడా. వేటకు వాడిన పికప్‌లో మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా మెక్సికోలో అది నేరం. 10,000 డాలర్లకు మించిన నగదు ఉంటే దానికీ విడిగా డిక్లరేషన్ ఉంది.

సరిహద్దు దగ్గర

‘నాదా కె దెక్లరార్’ అంటే డిక్లేర్ చేయడానికేమీ లేదని. ఆ వరసలోకి వెళ్లొద్దు. డిక్లేర్ చేసే వరస పట్టుకుని, దీపం దగ్గరికి వెళ్లకముందే సిబ్బందితో చెప్పండి. యాదృచ్ఛికంగా ఎరుపో పచ్చో వెలిగే ఆ దీపమే గీత. వెలగకముందు చెప్పినవాడు పన్ను కడతాడు. ఎరుపు వచ్చాక దొరికినవాడు పన్నుతో పాటు జరిమానా కడతాడు, సరుకునూ ఆపేస్తారు. ‘పచ్చ వస్తుందేమో చూద్దాం’ అనే జూదం వెయ్యి డాలర్ల సరుకు మీద ఆడడం దండగ.

రసీదులు, మొత్తం విలువ రాసిన చీటీ, పాస్‌పోర్టులు ఇవ్వండి. అధికారి లెక్క కట్టి ఫారం ఇస్తే, డబ్బు కట్టి ముద్ర పడిన రసీదు తీసుకోండి. పన్ను కట్టినా దీపం తప్పదు. ఎరుపు వస్తే కంగారుపడక్కర్లేదు, రసీదు చూపితే కాగితాలకూ సరుకుకూ పోలిక చూసి పంపేస్తారు. చేతిలో డబ్బు పెట్టమని ఎవరైనా అంటే అధికారిక రసీదు అడగండి. సామాను ఎక్కువ ఉన్నవాళ్లు వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లడం మంచిది. ఆదివారం సాయంత్రం బ్రోకరు దొరకడు, సందేహం తీర్చే పై అధికారి కూడా ఉండకపోవచ్చు.

తనిఖీ అక్కడితో ఆగదు. సరిహద్దు నుంచి 20–30 కిలోమీటర్ల లోపల మరో చెక్‌పోస్టు ఉంటుంది. నొగాలెస్ దారిలో 21వ కిలోమీటరు, నువో లారెదో తర్వాత 26వ కిలోమీటరు దగ్గర. బాహా మొత్తాన్ని సరిహద్దు ప్రాంతంగానే చూస్తారు కాబట్టి, అక్కడి నుంచి సామాను ప్రధాన భూభాగానికి తరలించేటప్పుడు మళ్లీ అడుగుతారు. పన్ను రసీదు, ముద్ర పడిన జాబితా, పెదిమెంతో ఉంటే అది, అన్నీ డ్రైవర్ పక్క సీట్లో ఒక ఫైల్లో ఉంచి, ఇంటికి చేరాక కూడా భద్రం చేయండి. తాత్కాలిక నివాసం శాశ్వతంగా మార్చుకునే రోజున సామాను కాగితాలూ మార్పించాలి, అప్పుడు ముందు అడిగేది ఆ పాత జాబితానే.