ఒక ఉంగరం, పదహారు రొట్టెలు: నచ్చిన పుస్తకంతో ఆట తయారు చేయడం ఎలా?

టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నాకు ప్రాణం. దుష్ట ప్రభువు సౌరాన్ చేసిన ఉంగరాన్ని ఫ్రోడో అనే హాబిట్ (పొట్టి మనిషి) మోర్డార్‌లోని అగ్నికొండ దాకా మోసుకెళ్లి నాశనం చేయాలి, అదే కథ. ఆ కథతో ఎలాగైనా ఒక బోర్డు గేమ్ చేయాలని కూర్చుని, మొదటిసారి మొత్తం కథనీ అందులో పెట్టేశాను. తొమ్మిది మంది ప్రయాణికులు, 140 కార్డులు, ఆడితే మూడు గంటలు. మోరియా గనుల్లోకి వెళ్తే మాంత్రికుడు గాండాల్ఫ్ పడిపోతాడు, నది దగ్గరికి వస్తే బృందం విడిపోతుంది. కార్డు తీయడం, చదవడం, పక్కన పెట్టడం, అంతే. గంట గడిచాక మా అక్క కార్డులు కింద పెట్టి, "ఇందులో నేను చేసేదేముందిరా? నువ్వు పుస్తకాన్ని ముక్కలు చేసి నాతో చదివిస్తున్నావు" అంది.

ఆ మాట నిజం. కథని అభిమానించేవాళ్లు ఆట చేయబోతే ముందుగా జరిగే పొరపాటు ఇదే. మనకి నచ్చిన సంఘటనలన్నీ వరుసగా పేర్చేస్తాం. ఆడేవాళ్లు తేల్చుకోవాల్సింది మాత్రం ఏమీ మిగలదు.

కాబట్టి ముందు కాగితం మీద సంఘటనలు కాకుండా సందిగ్ధాలు రాయండి. ఈ పుస్తకంలో పాత్రలు ఎక్కడెక్కడ ఎటూ తేల్చుకోలేక నలిగిపోయాయి? నా జాబితాలో పదకొండు వచ్చాయి. చివరికి రెండే ఉంచాను. ఒకటి, ఉంగరం పెట్టుకుంటే మాయమైపోతాం కాబట్టి ఈ క్షణం గండం గడుస్తుంది, కానీ శత్రువు కంట పడే ప్రమాదం పెరుగుతుంది. రెండు, ఒకప్పుడు ఆ ఉంగరం దగ్గరుంచుకుని దానికి బానిసైన గొల్లాన్ని నమ్మలేం, వదిలేయనూలేం. ఈ రెండూ ఉన్న భాగాన్ని మాత్రమే కథలోంచి కోసుకున్నాను: ఫ్రోడో, అతనికి తోడుగా వెళ్లే శామ్, దారి చూపే గొల్లం, శత్రువు దేశం మోర్డార్‌కి నడక. యుద్ధాలు, రాజులు, ఎంట్‌లు (నడిచే చెట్ల మనుషులు) అన్నీ పక్కన పెట్టేశాను. రోహాన్ రాజ్యపు గుర్రాలని వదులుకోవడం నిజంగా బాధనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎంత భాగం తీసుకోవాలో తెలియకపోతే పుస్తకంలోనే కొలతలు వెతకండి. టోల్కీన్ మూడో సంపుటం చివర ఒక కాలక్రమం ఇచ్చాడు. దాని ప్రకారం ఫ్రోడో, శామ్‌లకి గొల్లం ఫిబ్రవరి 29న దొరుకుతాడు, ఉంగరం మార్చి 25న నాశనమవుతుంది. హాబిట్ల దేశమైన షైర్ క్యాలెండర్‌లో ప్రతి నెలకీ 30 రోజులే, ఫిబ్రవరికి కూడా. లెక్క వేస్తే మొదటి రోజు, చివరి రోజు కలుపుకుని 27. అంతే, నా బోర్డుకి 27 గడులు దొరికాయి. ఒక్కో గడి ఒక్కో రోజు. ఇలా పుస్తకం నుంచే అంకె తీసుకుంటే, ఆడేవాళ్లకి ఆ సంగతి తెలియకపోయినా నడక బరువు సరిగ్గా కుదురుతుంది.

ఇప్పుడు ఉంగరం సంగతి. దీని మీదే నాకు ఎక్కువ రోజులు పట్టింది. మొదట రెండు పాచికలు పెట్టాను. ఉంగరం వాడాక పాచికలు వేయాలి, మొత్తం 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సౌరాన్ కన్ను మనల్ని చూసినట్టు. రెండు పాచికలతో 36 రకాలుగా పడొచ్చు, వాటిలో 9 లేదా ఆపైన వచ్చేవి 10. అంటే దాదాపు 28 శాతం. లెక్కగా చూస్తే బాగానే ఉంది. కానీ ఆడుతుంటే భయం లేదు. పాచికకి జ్ఞాపకం ఉండదు. మొదటిసారి వాడినా, ఎనిమిదోసారి వాడినా అదే 28 శాతం. పుస్తకంలో ఉంగరం అలా ఉండదు కదా, వాడినకొద్దీ పట్టు బిగిస్తుంది.

అందుకని పాచికలు తీసేసి ఒక గుడ్డ సంచి తెచ్చాను. అందులో పది తెల్ల రాళ్లు, రెండు నల్ల రాళ్లు. రోజుకి ఒక రాయి తీసి చూసి మళ్లీ సంచిలో వేయాలి. నల్లది వస్తే కన్ను ఒక గడి దగ్గరవుతుంది. పది గడులు దగ్గరైతే ఆట అయిపోయినట్టే. ఉంగరం వాడితే ఎంత పెద్ద ప్రమాదమైనా తప్పిపోతుంది, కానీ సంచిలో ఇంకో నల్ల రాయి వేయాలి. ఆ రాయిని ఆట అయ్యేదాకా సంచిలోంచి తీసేయకూడదు. అసలు వాడకపోతే 27 రోజుల్లో నల్ల రాయి సగటున నాలుగైదుసార్లు పడుతుంది. మొదట్లోనే నాలుగుసార్లు వాడేస్తే సంచిలో పదహారింటికి ఆరు నల్లవి, సగటు పదికి చేరుతుంది. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. రాయి సంచిలో పడ్డప్పుడు టక్ మని చప్పుడొస్తుంది, దాంతో అందరూ ఒక్క క్షణం మాట ఆపేస్తారు.

మీ పుస్తకం వేరైనా పద్ధతి ఇదే. కథలో ఒక శక్తి ఉంటే, దాని ఖరీదు ఏమిటో చూడండి. ఖరీదు వెంటనే కట్టాలా, తర్వాత కట్టాలా, పేరుకుంటూ పోతుందా? వెంటనే కట్టేదైతే పాచిక సరిపోతుంది. పేరుకుపోయేదైతే సంచి గానీ, పెరుగుతూ పోయే కార్డుల కట్ట గానీ కావాలి. ఇదే కథ మీద ఆటల రూపకర్త రైనర్ క్నిజియా 2000లో చేసిన బోర్డు గేమ్ దొరికితే తప్పకుండా ఆడి చూడండి. అందులో ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడరు, అందరూ కలిసి ఆటకి ఎదురు ఆడతారు. ఒక గీత మీద ఒకవైపు నుంచి హాబిట్లు, ఇంకోవైపు నుంచి సౌరాన్ దగ్గరవుతూ ఉంటారు. ఉంగరం భయాన్ని ఒక గీతతో చూపించొచ్చని నేను అక్కడే నేర్చుకున్నాను.

గొల్లం దగ్గర నేను పెద్ద తప్పు చేశాను. "గొల్లం రాత్రి రెండు లెంబాస్ రొట్టెలు తినేశాడు" అని ఒక కార్డు రాశాను. పుస్తకాన్ని నాకన్నా శ్రద్ధగా చదివిన ఒక స్నేహితురాలు ఆ కార్డు చూడగానే పట్టేసింది. గొల్లం లెంబాస్ తినలేడు. ఎల్ఫ్‌ల రొట్టె అతని నోటికి దుమ్ములా, బూడిదలా ఉంటుంది, ఉమ్మేస్తాడు. చేపలు, కుందేళ్లు అయితే పట్టుకుని తింటాడు. నేను ఆ అధ్యాయం మళ్లీ తీసి చదివాను. తప్పు దిద్దడానికి ఒక మాట మారిస్తే చాలు, కానీ చదువుతుంటే అంతకన్నా మంచి నియమం దొరికింది. అతను మన తిండి తినడు కాబట్టి వేటకి వెళ్లాలి. దారి తెలిసినవాడు అతనే కాబట్టి, అతను తిరిగొచ్చేదాకా మనం ఆగాలి. ఆగినంతసేపూ మన రొట్టె ఖర్చవుతుంది. పుస్తకంలో ఉన్న చిన్న వివరం ఆటకి ఇరుసు అయింది. అందుకే చెబుతున్నా, సినిమా జ్ఞాపకం మీద ఆధారపడి కార్డులు రాయకండి. పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని, ప్రతి కార్డు వెనక పెన్సిల్‌తో పేజీ నంబరు రాసుకోండి.

ఇక అభిమానుల ఆటలన్నిటికీ ఉండే అసలు చిక్కు. ఆడేవాళ్లకి కథ ముందే తెలుసు. గొల్లాన్ని చంపితే చివర్లో ఓడిపోతామని అందరికీ తెలుసు, కాబట్టి ఎవరూ చంపరు. మరి సందిగ్ధం ఎక్కడుంది? కొంతమంది ముగింపు మార్చేస్తారు, నాకది నచ్చదు. ఆ కొండ మీద ఫ్రోడో ఉంగరం విసరలేకపోవడం, గొల్లం వల్లే పని పూర్తవడం, అది కథకి గుండెకాయ. దాన్ని తీసేస్తే మిగిలేది ఇంకేదో ఆట. అందుకే 27వ గడిలో ‘ఉంగరం విసిరేస్తావా?’ అనే ఎంపికే పెట్టలేదు. గొల్లం బతికుంటే గెలుపు, లేకపోతే ఓటమి.

నేను మార్చింది ఖరీదు కట్టేవాళ్లని. గొల్లం మీద దయ చూపాలా వద్దా అనేది ఫ్రోడో ఆడేవాళ్లు తేల్చాలి. రొట్టెలు మాత్రం శామ్ ఆడేవాళ్ల దగ్గర ఉంటాయి. మొదట 20 రొట్టెలు ఇచ్చాను. ప్రతిసారీ కొన్ని మిగిలిపోయేవి, ఎవరికీ టెన్షన్ లేదు. 16కి దించాను. రెండు రోజులకి ఒకటి చొప్పున ప్రయాణానికే 13 పోతాయి, మిగిలేవి మూడు. గొల్లం కోసం ఆగాల్సిన కార్డులు ఐదు. అంటే రెండుసార్లు శామ్ పస్తుండాలి. పస్తున్న రోజు శామ్ ఏ పనీ చేయలేడు.

ఆ మార్పు చేసిన రాత్రి అక్క శామ్, తమ్ముడు ఫ్రోడో. నాలుగో గొల్లం కార్డు పడింది. తమ్ముడు ఏమీ ఆలోచించకుండా "ఆగుదాం" అన్నాడు. అక్క చేతిలో రొట్టె బిళ్ల ఒక్కటి కూడా లేదు. ఖాళీ అరచెయ్యి చాపి చూపించి, "దయ నీది, ఆకలి నాదీనా?" అంది. వాడు కాసేపు కార్డుకేసి చూసి, "వాడు లేకపోతే మనం చేరలేం అక్కా" అన్నాడు. "తెలుసురా. అయినా కడుపు మండుతోంది" అంది. నేను పక్కనే నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను, చెయ్యి వణికింది. శామ్ కోపం అంటే అదే. కథ మొత్తం తెలిసి కూడా అక్కకి ఆ కోపం వచ్చింది. ముగింపు తెలిసినా పరవాలేదు, అక్కడిదాకా మోసే బరువు నిజంగా అనిపిస్తే చాలు.

ఇంకో సంగతి. గొల్లం పాత్ర ఎవరి చేతికీ ఇవ్వకండి. అతనికి విడిగా ఒక కార్డుల కట్ట పెట్టండి, రోజుకొకటి అదే తిరగాలి. 1982లో ‘ది హాబిట్’ మీద వచ్చిన కంప్యూటర్ ఆటలో పాత్రలు ఆటగాడి కోసం ఎదురుచూడకుండా వాటి పాటికి అవి తిరిగేవి. మరుగుజ్జుల నాయకుడు థోరిన్ ఉన్నట్టుండి కూర్చుని బంగారం గురించి పాడటం మొదలుపెట్టేవాడు. దాన్ని ఆడినవాళ్లు ఇప్పటికీ అదే గుర్తు చేసుకుంటారు.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. పాత పేక ముక్కలు, ప్లాస్టిక్ తొడుగులు, పెన్సిల్‌తో రాసిన కాగితం చీటీలు చాలు. చీటీని తొడుగులో పేక ముక్క ముందు దూర్చితే కార్డు తయారు. మార్చాలంటే చీటీ మారిస్తే సరి. 63 x 88 మిల్లీమీటర్ల కార్డులు ఒక ఏ4 కాగితం మీద తొమ్మిది పడతాయి. బొమ్మలు, రంగులు చివరికి పెట్టుకోండి. అందంగా గీసిన కార్డుని చింపేయడానికి మనసు రాదు, చింపాల్సినవి చాలా ఉంటాయి.

ఆడించి చూసేటప్పుడు మీరు మాట్లాడకూడదు. నియమాల కాగితం వాళ్ల చేతిలో పెట్టి దూరంగా కూర్చోండి. వాళ్లు తప్పుగా ఆడితే ఆపకండి, ఏ వాక్యం దగ్గర తప్పారో రాసుకోండి. పుస్తకం చదివినవాళ్లతో సగంసార్లు, చదవనివాళ్లతో సగంసార్లు ఆడించండి. చదవనివాళ్లకి అర్థం కాకపోతే లోపం నియమాల్లో ఉంది. చదివినవాళ్లు నిట్టూరిస్తే లోపం కార్డుల్లో ఉంది.

హక్కుల గురించి కూడా స్పష్టంగా ఉండాలి. టోల్కీన్ 1973లో కన్నుమూశాడు. రచయిత పోయాక 70 ఏళ్లు కాపీరైట్ ఉండే దేశాల్లో ఆయన రచనలకి 2043 ముగిసేదాకా రక్షణ ఉంటుంది. సాధారణంగా ఆట ఆడే పద్ధతికి కాపీరైట్ ఉండదు. పుస్తకంలోని వాక్యాలు, బొమ్మలు, పటాలకి మాత్రం ఉంటుంది, పేర్లకి ట్రేడ్‌మార్క్ హక్కులు కూడా ఉండొచ్చు. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట మొదట్లో హాబిట్ అనే మాటే వాడింది, హక్కుదారులు అభ్యంతరం చెప్పాక దాన్ని హాఫ్‌లింగ్ అని మార్చింది. డబ్బు తీసుకోకపోతే అంతా సవ్యమేనని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. నేను నా కార్డుల మీద పుస్తకంలోని ఒక్క వాక్యం కూడా ఎత్తి రాయలేదు, అన్నీ నా మాటల్లోనే రాశాను, బయట పెట్టలేదు. అందరికీ పంచాలనుకుంటే పేర్లు మార్చండి, లేదా హక్కులు ముగిసిన పుస్తకం తీసుకోండి. ఫ్రాంక్ బామ్ రాసిన ఓజ్ కథలు ఉన్నాయి, మొదటిది 1900లో వచ్చింది. అక్కడా జాగ్రత్త కావాలి. పుస్తకంలో డొరోతీవి వెండి చెప్పులు. కెంపు చెప్పులు 1939 సినిమావి.

బోర్డు కుదిరాక దాన్ని ట్వైన్‌లోకి మార్చాను. 2009లో క్రిస్ క్లైమస్ తెచ్చిన ఉచిత సాధనం అది, కోడింగ్ పెద్దగా రాకపోయినా లింకులతో కథ అల్లొచ్చు. ఫలితం వెబ్ పేజీగానే వస్తుంది కాబట్టి తెలుగు ఒత్తులు, గుణింతాలు చక్కగా కనిపిస్తాయి. బొమ్మలతో పెద్ద ఆట చేయాలనుకుంటే గోడో అనే గేమ్ ఇంజిన్ వాడండి, కానీ నాలుగో వెర్షన్ నుంచే. అంతకుముందు వాటిలో తెలుగు అక్షరాలు విడిపోయేవి.

తెర మీద గుడ్డ సంచి లేదు, టక్ మనే చప్పుడూ లేదు. ఆ భయం ఎలా తేవాలా అని చాలా రోజులు వెతికాను. చివరికి ప్రతి పేజీ అడుగున, ఒకే చోట, ‘ఉంగరం పెట్టుకో’ అనే లింకు ఉంచాను. ప్రమాదం ఉన్నా, లేకపోయినా అది అక్కడే ఉంటుంది. శామ్ కుందేలు కూర వండుతున్న పేజీలో కూడా. తమ్ముడు ఆ పేజీలో దాన్ని నొక్కాడు. అక్కడ శత్రువులు లేరు, ఆపద లేదు. ఎందుకు నొక్కావని అడిగితే, "ఏమో, ఇందాకటి నుంచీ కనిపిస్తూనే ఉంది కదా" అన్నాడు. ఆ లింకుని నేను కదపలేదు.