ఎముక విరిగినా, కీలు తప్పినా, కాలు బెణికినా: డాక్టర్ దగ్గరికి చేరేలోపు ఏం చేయాలి?

ఎవరైనా జారిపడితే చుట్టుపక్కల వాళ్లు చేసే మొదటి పని, చెయ్యి పట్టుకుని పైకి లేపడం. సాయం చేయాలన్న తొందరే అది. కానీ ఎముక విరిగి ఉంటే ఆ కుదుపుకి దాని అంచు పక్కనున్న నరాన్నో రక్తనాళాన్నో కోసేయొచ్చు. దెబ్బ తగిలిన భాగాన్ని ఉన్నది ఉన్నట్టు కదలకుండా ఉంచడమే మనం చేయగలిగిన అసలు ప్రథమ చికిత్స.

1. ముందు మనిషిని చూడండి

పలకరిస్తే పలుకుతున్నారా? ఊపిరి సరిగా ఆడుతోందా? రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి. ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంటే దాని మీద కాకుండా గాయం చుట్టూ నొక్కాలి. దాన్ని లోపలికి నెట్టొద్దు.

ఎత్తు నుంచి పడినా, వాహనం గుద్దినా, మెడ లేదా వెన్ను నొప్పి అంటున్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కాయన్నా అక్కడి నుంచి కదపకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. మంటలో, మీదికొచ్చే వాహనాలో ఉంటే తప్ప జరపకూడదు. తొడ ఎముక విరిగితే బయట ఒక్క చుక్క కనిపించకపోయినా లోపల లీటరు దాకా రక్తం పోవచ్చు. ముఖం పాలిపోయి, చల్లటి చెమటలు పడుతుంటే అదే అనుమానించాలి. ఇలాంటివాళ్లను బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు.

2. ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి

చేతికి దెబ్బ తగిలితే ఇది మొదటి నిమిషాల్లోనే జరిగిపోవాలి. వాపు వచ్చాక ఉంగరం ఊడి రాదు, వేలికి రక్తం అందనివ్వదు.

3. విరిగిందా, బెణికిందా అని తేల్చుకోవాలని చూడొద్దు

"వేళ్లు కదులుతున్నాయిగా, విరగలేదులే" అని చాలామంది అంటారు. ఎముక విరిగినా వేళ్లు కదులుతాయి, చిట్లిన కాలితో కొందరు నడుస్తారు కూడా. ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడల్లా విరిగిందనుకునే చూసుకోండి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. వాళ్ల ఎముకలు ఎదిగే భాగం మెత్తగా ఉంటుంది, బెణుకులా కనిపించేది అక్కడి దెబ్బే కావచ్చు. కీలు తప్పితే లాగి సరిచేసే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వొద్దు.

4. కదలకుండా కట్టండి

అంబులెన్స్ దగ్గర్లో ఉంటే చేతులతో ఆసరా పట్టుకుంటే చాలు. మనమే తీసుకెళ్లాల్సి వస్తే కట్టు కట్టాలి. ముంజేయి అనుకుందాం. గట్టి అట్టముక్కో, మందంగా మడిచిన న్యూస్‌పేపరో తీసుకోండి. అది మణికట్టు దాటి అరచేతి దాకా, అటు మోచేయి దాటి పైదాకా రావాలి. విరిగిన చోటికి పైనున్న కీలూ కిందున్న కీలూ రెండూ కదలకపోతేనే ఎముక కదలదు. చెయ్యి వంకరగా ఉంటే ఆ వంకరకే అట్టను అమర్చండి, చేతిని అట్టకు తగ్గట్టు వంచొద్దు. మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టి, దెబ్బ మీద కాకుండా దానికి పైనా కిందా కట్టండి. మోచేయి నొప్పి లేకుండా వంగి ఉంటే, అట్టనూ ఆ వంపుకే అమర్చి, చున్నీతో మెడకు జోలెలా కట్టి, అరచెయ్యి మోచేతి కంటే కాస్త ఎత్తులో ఉండేలా చూడండి.

5. వేలి చివర్లు చూస్తూ ఉండండి

కట్టాక గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకి రావాలి. ఆలస్యమవుతుంటే, వేళ్లు చల్లబడితే, తిమ్మిరి మొదలైతే కట్టు వెంటనే వదులు చేయండి. పది పదిహేను నిమిషాలకోసారి ఇలా చూస్తుండాలి.

6. ఐస్

గుడ్డలో చుట్టి, ఒక్కోసారి 20 నిమిషాలకు మించకుండా పెట్టండి. నేరుగా చర్మం మీద పెట్టొద్దు. వేడి కాపడం, మర్దన మొదటి రెండు మూడు రోజులు వద్దే వద్దు, వాపు ఇంకా పెరుగుతుంది. ఆపరేషన్ అవసరమయ్యేలా ఉంటే తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి. మత్తు ఇచ్చాక కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఆగకుండా ఎప్పుడు వెళ్లాలి?

బెణుకే అనిపించినా నాలుగు అడుగులు వేయలేకపోతే, చీలమండ దగ్గర అటూ ఇటూ పొడుచుకుని ఉండే ఎముక మీద నొక్కితే నొప్పిగా ఉంటే ఎక్స్‌రే తీయించండి. మడమ వెనక టప్ మని శబ్దమొచ్చి ముని వేళ్ల మీద లేవలేకపోతే కండరాన్ని మడమకి కలిపే స్నాయువు తెగి ఉండొచ్చు. పెద్దవయసు వాళ్లు పడ్డాక ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే చాలావరకు విరిగింది తుంటి ఎముకే.

పిండి కట్టు వేయించుకుని ఇంటికి వచ్చాక కూడా ఒకటి గమనించాలి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ, మాత్రకు లొంగకుండా, వేళ్లు చాపితే భరించలేనంతగా ఉంటే లోపల ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందడం లేదేమో. కొన్ని గంటల్లోనే కండరం చచ్చుబడిపోతుంది, కాబట్టి అర్ధరాత్రైనా సరే హాస్పిటల్‌కి తిరిగి వెళ్లండి.